కౌన్సిల్, వార్డు కమిటీ సమావేశాల పూర్తి వీడియో ప్రజలకు ఇవ్వాలని అడగొచ్చా?

మిగతా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. అడిగినవారు హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి. టెక్సస్‌లో ఉంటున్న ఆయన తమ్ముడు అక్కడి సిటీ కౌన్సిల్ సమావేశాలను ఇంట్లో కూర్చుని చూస్తాడట. ఇక్కడ మన నాలా పూడికతీత గురించి కౌన్సిల్‌లో ఏం మాట్లాడారో తెలియాలంటే మర్నాడు పేపర్లో వచ్చే నాలుగు లైన్లే దిక్కు. కార్పొరేషన్ సమావేశాలు, వార్డు కమిటీ సమావేశాలు వీడియో తీసి అందరికీ అందుబాటులో పెట్టమని అడిగే హక్కు ఉందా, ఉంటే ఎలా అడగాలి అన్నది ప్రశ్న. "కెమెరా పెడితే లీడర్ల డ్రామా ఇంకా పెరుగుతుంది" అని సంఘంలోనే కొందరు అంటున్నారట. వాళ్ళకేం చెప్పాలని కూడా అడిగారు.

నేను పురపాలక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే గడిచింది. ఎజెండా కాపీలు సభ్యులకు పంపడం, సమావేశంలో ఒక పక్కన కూర్చుని నోట్స్ రాసుకోవడం, తర్వాత మినిట్స్ బుక్‌లో తీర్మానాలు ఎక్కించడం నా పని. అందుకే చట్టం కంటే ముందు ఆ బుక్ గురించే చెప్పాలి.

మినిట్స్‌లో నిర్ణయం ఉంటుంది, ఆ నిర్ణయానికి దారితీసిన మాటలు ఉండవు. గంటసేపు వాదన జరిగినా చివరికి బుక్‌లో ఎక్కేది "సభ్యులు చర్చించి ఆమోదించడమైనది" అన్న ఒక్క వాక్యమే. ఇందులో మోసమేమీ లేదు, మినిట్స్ రాసే పద్ధతే అది. కానీ ఆ ఒక్క వాక్యం వెనక చాలా పోతుంది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో లేఅవుట్‌లో ఖాళీగా వదిలిన స్థలంలో కట్టడం కడతామని ఒక ఐటెం వచ్చింది. అది పార్కు స్థలం కదా అని ఒక సభ్యురాలు లేచి అడిగారు. లీగల్ ఒపీనియన్ వచ్చాకే పని మొదలుపెడతామని అధికారి సభలోనే మాట ఇచ్చారు. ఆ మాట మీదే ఆమె కూర్చున్నారు. బుక్‌లో మాత్రం "ఆమోదించడమైనది" అనే ఉంది. ఒపీనియన్ రాకుండానే పునాదులు తవ్వినప్పుడు కాలనీవాళ్ళ చేతిలో చూపించడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ మాట విన్నవాళ్ళు హాల్లో యాభై మంది ఉన్నారు. వాళ్ళలో కాగితం మీద సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంకొకటి టేబుల్ ఐటెం. ఎజెండాలో లేని అంశాన్ని సమావేశం రోజున అప్పటికప్పుడు బల్ల మీద పెట్టి పాస్ చేయించడాన్ని మా వాళ్ళు అలా అంటారు. అత్యవసరమైన పనులకు అది కావాల్సిందే, వరదలొచ్చినప్పుడు ఎజెండా గడువు అంటూ కూర్చోలేం కదా. అయితే సభ్యులు పోడియం చుట్టూ చేరి అరుస్తున్నప్పుడు, మైకులు కట్ అయినప్పుడు, ఆ గోలలో పాసైన టేబుల్ ఐటెంలు కూడా ఉంటాయి. ఆ ఐటెం నిజంగా చదివారా, ఎవరైనా చేయెత్తారా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు. వీడియో ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక మీ ప్రశ్నకు సూటి జవాబు. "సమావేశాన్ని రికార్డు చేసి, ఇన్ని రోజుల్లోగా పూర్తి వీడియో వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి" అని కౌన్సిల్‌ను కట్టేసే నిబంధన నా సర్వీసులో నాకు ఎదురుకాలేదు. కానీ ఇప్పటికే తీసిన రికార్డింగ్ ఉంటే, దాని కాపీ అడిగి తీసుకునే హక్కు మీకు నిక్షేపంగా ఉంది. చాలామంది కెమెరా పెట్టించడం దగ్గరే ఆగిపోతారు. కెమెరా చాలా హాళ్ళలో ఎప్పుడో వచ్చేసింది. ఆఫీసు తరఫున ఒక వీడియోగ్రాఫర్ వస్తాడు, తీస్తాడు, హార్డ్‌డిస్క్ ఎవరో ఒకరి బీరువాలోకి వెళ్తుంది. లేనిది దాన్ని బయటపెట్టాల్సిన బాధ్యత, దానికో గడువు. మీరు అడగాల్సింది వాటినే.

చట్టంలో మీకు పట్టు దొరికే చోటు సమాచార హక్కు చట్టం, 2005. అందులో సెక్షన్ 4(1)(బి)(8)ను చాలామంది పట్టించుకోరు. ప్రతి ప్రభుత్వ సంస్థ తన బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీల వివరాలు, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలని ఆ క్లాజు చెప్తుంది. మీ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ఈ క్లాజు కింద ఏం రాసి పెట్టారో ముందు చూడండి. అక్కడ ఖాళీ ఉన్నా, పాత కమిటీ పేర్లే ఉన్నా, మీ మొదటి ఉత్తరానికి విషయం దొరికినట్టే. సెక్షన్ 4(2) ఇంకో అడుగు ముందుకెళ్తుంది. జనం దరఖాస్తు పెట్టుకోవాల్సిన అవసరమే తగ్గేలా ఇంటర్నెట్‌తో సహా వీలైన మార్గాలన్నిటి ద్వారా సంస్థ తనంతట తానే సమాచారం ఇస్తూ ఉండాలంటుంది. వీడియో కాపీ విషయానికొస్తే, సెక్షన్ 2(జె)లో సమాచార హక్కు అంటే ఏమిటో చెప్పేచోట టేపులు, వీడియో క్యాసెట్లు, ఇతర ఎలక్ట్రానిక్ రూపాలు స్పష్టంగా ఉన్నాయి. క్యాసెట్ల కాలంలో రాసిన చట్టమైనా పెన్‌డ్రైవ్‌కు కూడా సరిపోయేలా రాశారు.

మన దేశంలో వీడియో తీయడాన్ని తప్పనిసరి చేసిన బహిరంగ సమావేశం లేకపోలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, అదే ఈఐఏ, కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ చూడండి. కాలుష్య నియంత్రణ మండలి ఆ కార్యక్రమం మొత్తాన్ని వీడియో తీయించాలి, ఆ కాపీని నివేదికతో పాటు అనుమతి ఇచ్చే అధికారులకు పంపాలి. అంతకంటే మంచి పద్ధతి ఇంకోటి అందులో ఉంది. సభ చివర్లో, జనం చెప్పినవాటి సారాంశాన్ని అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. "నేను అన్నది అది కాదు" అని లేచి చెప్పే అవకాశం అప్పుడే ఉంటుంది. ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు పాటించగలిగిన పద్ధతిని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాటించలేమనడానికి నాకైతే కారణం కనపడదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మండల స్థాయి ప్రజావేదికల్ని ఉమ్మడి రాష్ట్రంలోనే కెమెరాల ముందు నడిపాం. ఆ అనుభవం మన దగ్గర కొత్తదేం కాదు.

పార్లమెంటు, అసెంబ్లీ టీవీల్లో లైవ్ వస్తున్నాయి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో ప్రత్యక్ష ప్రసారానికి సూత్రప్రాయంగా ఒప్పుకుని, 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనాల విచారణల్ని చూపించడం మొదలుపెట్టింది. పై రెండు మెట్లూ తలుపులు తీశాయి. మన చెత్త, మన డ్రైనేజీ, మన ఆస్తిపన్ను తేల్చే చోట మాత్రం ఇంకా "పత్రికా ప్రకటన విడుదల చేశారు" దగ్గరే ఉన్నాం. హైదరాబాద్‌లో సాంకేతికంగా కుదరదని చెప్పడానికీ లేదు. 2021 జూన్‌లో కొవిడ్ కారణంగా జీహెచ్‌ఎంసీ కౌన్సిల్ ఆన్‌లైన్‌లోనే సమావేశమైంది. కార్పొరేటర్లందరినీ ఒక స్క్రీన్ మీదకు తేగలిగిన వ్యవస్థకు ఆ స్క్రీన్‌ను మనకు చూపించడం పెద్ద పని కాదు.

మీ తమ్ముడుగారి టెక్సస్ గురించి కూడా కొంచెం చెప్పాలి. అక్కడ 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం 50 వేలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలు, లక్షా 25 వేలు, ఆపైన ఉన్న కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), పది వేలకు తగ్గకుండా విద్యార్థులున్న స్కూల్ డిస్ట్రిక్టులు తమ సాధారణ సమావేశాలను వీడియో, ఆడియో రికార్డు చేయాలి. ఏడు రోజుల్లోగా ఇంటర్నెట్‌లో పెట్టాలి. రెండేళ్ళు ఉంచాలి. చూశారా, మూడు అంకెలతో పని తేలిపోయింది: ఎవరికి వర్తిస్తుంది, ఎన్ని రోజుల్లో పెట్టాలి, ఎంతకాలం ఉంచాలి. మన దగ్గర ఇచ్చే హామీల్లో "త్వరలో", "దశలవారీగా" అన్న మాటలే ఉంటాయి, ఈ మూడు అంకెలు ఉండవు.

అయితే టెక్సస్ నిబంధనలోనూ ఒక కన్నం ఉంది. నగరాల విషయంలో వర్క్ సెషన్లు (నిర్ణయానికి ముందు కూర్చుని చర్చించుకునేవి), ప్రత్యేకంగా పిలిచిన సమావేశాలు దాని కిందకు రావు. అసలు బేరసారాలు ఎక్కువగా జరిగేది అలాంటి చోటే. మనం దీన్ని ముందే గమనించాలి. జీహెచ్‌ఎంసీలో జనం చూసేది కౌన్సిల్ సమావేశాన్ని, డబ్బు విషయాలు ఎక్కువగా కదిలేది స్టాండింగ్ కమిటీలో. పదిహేను మంది సభ్యులు, చిన్న గది, గ్యాలరీలో జనం ఉండరు. మీ వినతిపత్రంలో కౌన్సిల్ అని మాత్రమే రాస్తే సరిగ్గా ఆ గదిని వదిలేసినట్టు అవుతుంది. "కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, వార్డు కమిటీలు, అభ్యంతరాలు వినే ప్రతి బహిరంగ విచారణ" అని విడివిడిగా రాయండి. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే మేర) హద్దుల మీద, రోడ్డు విస్తరణ మీద, వార్డుల విభజన మీద అభ్యంతరాలు తీసుకునే సమావేశాలు అందులోకి వస్తాయి. మన నగరంలో వాటి మీదే కొంపలు నిలుస్తాయి, కూలుతాయి.

ఇంకో సంగతి ఎవరూ అడగరు. ఎన్నికైన కౌన్సిలే లేని రోజుల మాటేమిటి? జీహెచ్‌ఎంసీ 2007 ఏప్రిల్‌లో ఏర్పడితే తొలి ఎన్నికలు 2009లో జరిగాయి. ఆ కౌన్సిల్ గడువు 2014 డిసెంబరులో ముగిస్తే మళ్ళీ ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారి పాలనే. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు ఒక అధికారి సంతకంతో అయిపోతాయి. సమావేశమే లేనప్పుడు వీడియో ఎక్కడిది? కాబట్టి ప్రత్యేకాధికారి పాలన ఉన్నప్పుడు, ఆయన కౌన్సిల్ స్థానంలో తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ కారణాలతో సహా వారం లోపు వెబ్‌సైట్‌లో పెట్టాలని మీ వినతిలో ఒక వాక్యం చేర్చండి. నిర్ణయానికి కారణాలు చెప్పాలన్నది సెక్షన్ 4(1)(డి)లో ఉంది. దానివల్ల ప్రభావితమైనవాళ్ళు దాన్ని పట్టుకుని అడగొచ్చు.

ఇప్పుడు డ్రామా సంగతి. మీ సంఘంలో అంటున్నవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. కెమెరా చూస్తే గొంతు పెరిగేవాళ్ళను నేను బోలెడంత మందిని చూశాను. కానీ ఒక్కటి అడగండి వాళ్ళను: ఇప్పుడు డ్రామా లేదా? ప్లకార్డులు, ఖాళీ బిందెలు, దోమతెరలు పట్టుకుని సభకు రావడం దేనికి? హాలు బయట ఉన్న టీవీ కెమెరాలకే కదా. అరనిమిషం క్లిప్ మాత్రమే బయటకొచ్చే పద్ధతిలో ఆ అరనిమిషం కోసం నటించినవాడికే లాభం. మొత్తం నాలుగు గంటలూ బయటకొస్తే, లెక్కలు పట్టుకొచ్చి ఇంజినీర్‌ను నిలదీసిన సభ్యుడు కూడా కనపడతాడు. ఏళ్ళ తరబడి ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళూ కనపడతారు. వాళ్ళకు ఇది ఎక్కువ టెన్షన్.

2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళు, రైతు భరోసా అర్హుల కోసం రాష్ట్రమంతటా గ్రామసభలు, వార్డు సభలు పెట్టారు. అప్పుడు ఫోన్లకు వచ్చిన వీడియోలు గుర్తున్నాయా? ఒక ఊళ్ళో జనం అధికారిని నిలదీసిన ముక్క, ఇంకో ఊళ్ళో అధికారి కోప్పడ్డ ముక్క. దానికి ముందు ఏం జరిగింది, తర్వాత జాబితాలో పేరు చేరిందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. అంటే కెమెరా ఇప్పటికే సభలోకి వచ్చేసింది, ప్రతి జేబులో ఉంది. అధికారికంగా పూర్తి రికార్డు లేకపోతే నష్టపోయేది ముక్క వైరల్ అయిన అధికారే. ఉద్యోగులకు, సంఘాల నాయకులకు నేను ఈ మాటే చెప్తుంటాను, ఎందుకంటే ఈ విషయంలో మీకు కలిసొచ్చే బలం ఆఫీసు లోపలే ఉంది. అబద్ధపు ఆరోపణ వచ్చిన రోజున పూర్తి వీడియోను మించిన వకీలు ఆ కింది స్థాయి ఉద్యోగికి దొరకడు.

(ఇంగ్లండ్‌లో హాండ్‌ఫోర్త్ అనే చిన్న ఊరి పారిష్ కౌన్సిల్ 2020 డిసెంబరులో జూమ్‌లో పెట్టుకున్న సమావేశం, రెండు నెలల తర్వాత దేశమంతా నవ్వుకునేలా వైరల్ అయింది. సభ్యులు ఒకరిమీద ఒకరు అరుచుకోవడం, అరిచినవాళ్ళను సమావేశం నుంచి బయటకు పంపడం! మన కౌన్సిళ్ళను చూసి మనమే సిగ్గుపడనక్కర్లేదు.)

వీడియో వల్ల అన్నీ బయటపడతాయని మాత్రం అనుకోకండి. కెమెరా హాల్లోకి వస్తే మాట చాంబర్లోకి పోతుంది. సమావేశానికి ముందురోజే ఫ్లోర్ లీడర్లను కూర్చోబెట్టి అన్నీ మాట్లాడేసుకుని, మర్నాడు హాల్లో "ఐటెం ఒకటి నుంచి నలభై వరకు ఆమోదం" అని పది నిమిషాల్లో ముగించడం నేను కళ్ళారా చూశాను. కానీ ఆ పది నిమిషాల వీడియో కూడా తక్కువ సాక్ష్యం కాదు. మీ కాలనీ మీదుగా వెళ్ళే రోడ్డు గురించి ఒక్క క్షణం కూడా చర్చ జరగలేదని అది చూపిస్తుంది.

గోప్యత సంగతి దీనికంటే బరువైనది, దీన్ని తేలిగ్గా తీసేయకండి. కార్పొరేటర్, అధికారి బహిరంగ సమావేశంలో హోదాలో మాట్లాడేది వాళ్ళ సొంత విషయం కాదు. వార్డు సభలో పింఛను గురించి అడిగే ముసలమ్మ పరిస్థితి వేరు. ఆధార్ నంబరు, జబ్బు వివరాలు, భర్త తాగుడు గురించి పదిమందిలో చెప్పుకుంటుంది, అది యూట్యూబ్‌లో జన్మంతా ఉండిపోకూడదు. లోకల్ లీడర్ మీద ఫిర్యాదు చేసే కుర్రాడికీ భయం ఉంటుంది. కెమెరాను వేదిక వైపే పెట్టాలి, జనంలోంచి మాట్లాడేవాళ్ళు వద్దంటే ముఖం కాకుండా గొంతు మాత్రమే రికార్డు కావాలి, వ్యక్తిగత దరఖాస్తులు సభలో చదవకుండా పక్కన కౌంటర్‌లో తీసుకోవాలి. ఈ జాగ్రత్తలన్నీ తీసేటప్పుడే పడాలి. తీశాక కత్తిరిస్తామంటే ఒప్పుకోవద్దు. కత్తెర ఒకసారి చేతికిస్తే అది ముసలమ్మ ఆధార్ నంబరు దగ్గర ఆగదు. సిబ్బంది క్రమశిక్షణ, కోర్టు కేసుల వ్యూహం లాంటివాటికి తలుపులు మూసుకోవడం సబబే. అప్పుడు కూడా ఎన్నింటికి మూశారో, ఏ కారణంతో మూశారో రికార్డులో చెప్పి మూయాలి.

సమాచార హక్కులో ఒక మార్పు కూడా గుర్తుంచుకోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వల్ల సెక్షన్ 8(1)(జె) 2025 నవంబరు నుంచి మారింది. "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క కారణంతో తిరస్కరించడం ఇప్పుడు పీఐఓకు, అంటే ఆఫీసులో ఆర్‌టీఐ దరఖాస్తులకు జవాబిచ్చే సమాచార అధికారికి, సులువైంది. మీ వీడియో దరఖాస్తుకు ఆ జవాబు వచ్చే అవకాశం బాగా ఉంది. అలా వస్తే రెండు సెక్షన్లు పట్టుకోండి. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని చెప్పే 8(2) ఒకటి. దాచాల్సిన భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని చెప్పే సెక్షన్ 10 రెండోది.

ఖర్చు గురించి ఎవరైనా అడిగితే ఈ లెక్క చెప్పండి. కూర్చుని మాట్లాడుకునే సభకు మంచి క్వాలిటీ వీడియో గంటకు సుమారు ఒక జీబీ పడుతుంది. సమావేశం ఏడెనిమిది గంటలు సాగినా ఎనిమిది జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్క్‌లో అలాంటివి వందకు పైగా పడతాయి. బొమ్మ దగ్గర పొదుపు చేసినా ఫర్వాలేదు, గొంతు దగ్గర చేయకూడదు. హాలు చివర్లో కెమెరా పెట్టి దాని సొంత మైకుతో తీస్తే వినపడేది ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల చప్పుడు. సభ్యుల మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి నేరుగా వైరు లాగి కెమెరాకు ఇవ్వాలి. మన కౌన్సిల్‌లో ఒకరు తెలుగులో అడిగితే ఇంకొకరు ఉర్దూలో అందుకుంటారు, కమిషనర్ ఇంగ్లిష్ కలిపి జవాబిస్తారు. మధ్యలో మన దక్కనీ ఉండనే ఉంది. యంత్రం రాసే సబ్‌టైటిల్స్ ఈ కలగాపులగం దగ్గర తడబడతాయి, ఆడియో శుభ్రంగా లేకపోతే పూర్తిగా చేతులెత్తేస్తాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో సభాసార్ అనే ఏఐ టూల్ తెచ్చింది. గ్రామసభ రికార్డింగ్ ఇస్తే అది మినిట్స్ తయారు చేస్తుంది. ముసాయిదా వరకు అది బాగానే ఉపయోగపడుతుంది. యంత్రం రాసిన సారాంశం ఉంది కాబట్టి ఇక వీడియో ఎందుకు అనే రోజు రాకుండా చూసుకోవాలి, అంతే.

నన్నడిగితే అన్నిటికంటే చౌకగా, ఎక్కువ పనికొచ్చేది టైమ్ షీట్. సమావేశంలో నాలాంటి గుమాస్తా ఒకడు ఎలాగూ కూర్చుంటాడు. ఏ ఐటెం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మొదలైందో అతను కాగితం మీద రాస్తే చాలు. వీడియో కింద "ఐటెం 17, 2:14:30" అని పెడితే మీరు నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు. అది లేకుండా ఆరు గంటల వీడియో ముఖాన కొడితే, ఉద్యోగం చేసుకునేవాడు ఎవడు చూస్తాడు?

యూట్యూబ్‌లో పెట్టడం తప్పేమీ కాదు, జనం ఉండేది అక్కడే. కానీ ఛానెల్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. కాంట్రాక్టు ఏజెన్సీ కుర్రాడి సొంత జీమెయిల్‌తో ఛానెల్ తెరవడం, కాంట్రాక్టు అయిపోయాక పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఎవరూ మిగలకపోవడం ఆఫీసుల్లో వింతేమీ కాదు. అసలు ఫైలు కార్పొరేషన్ సర్వర్‌లో ఉండాలి, ఛానెల్‌లో ఉండేది దాని కాపీ కావాలి. ఎంతకాలం ఉంచాలన్నది కూడా ముందే తేలాలి. పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీని వీలైతే 18 నెలలు, కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. అయినా అవసరమైనప్పుడు కెమెరాలు పనిచేయడం లేదన్న మాటే వినపడుతుండటంతో 2025 సెప్టెంబరులో కోర్టే మళ్ళీ ఆ విషయాన్ని సొంతంగా విచారణకు తీసుకుంది. సుప్రీంకోర్టు ఆదేశానికే ఆ గతి పట్టినప్పుడు, "రికార్డింగ్ ఆ రోజు సరిగ్గా రాలేదు" అన్న జవాబు మీకూ వస్తుందని అనుకునే మొదలుపెట్టండి. రికార్డు కాకపోతే 24 గంటల్లో ఆ విషయం కారణంతో సహా వెబ్‌సైట్‌లో చెప్పాలని వినతిలో రాయండి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? నేరుగా మేయర్‌కో, మంత్రికో వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగడం చివర్లో చేయండి. మొదట ఒక ఆర్‌టీఐ దరఖాస్తు వేయండి, అదీ చిన్నది. "ఫలానా తేదీన జరిగిన సాధారణ సమావేశాన్ని వీడియో లేదా ఆడియో రికార్డు చేశారా? చేసి ఉంటే కత్తిరించని పూర్తి కాపీని పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. రికార్డింగ్ కోసం ఇచ్చిన వర్క్ ఆర్డర్, చెల్లించిన బిల్లుల కాపీలు ఇవ్వండి. రికార్డింగులను ఎంతకాలం భద్రపరచాలో చెప్పే ఉత్తర్వు కాపీ ఇవ్వండి. సెక్షన్ 4(1)(బి)(8) కింద ప్రకటించిన సమాచారం కాపీ ఇవ్వండి." అంతే. ఎందుకు కావాలో రాయనక్కర్లేదు, చట్టం అడగదు. బిల్లుల కాపీ అడగడంలో ఒక కిటుకు ఉంది. వీడియోగ్రాఫర్‌కు డబ్బు చెల్లించినట్టు బిల్లు ఉంటే, వీడియో లేదని చెప్పడం ఆఫీసులో ఏ సెక్షన్‌కైనా కష్టమే.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, తిరస్కరించినా ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మన కమిషన్ రెండేళ్ళకు పైగా కమిషనర్లు లేక మూతపడినట్టే ఉండి, 2025 మేలో నియామకాలు జరిగాక కదిలింది. పాత కేసులు గుట్టలుగా ఉంటాయి, ఓపిక పట్టాల్సిందే. రెండో అప్పీల్లో మీ ఒక్క వీడియోతో ఆగకండి. ఫలానా సమాచారాన్ని ఇకపై ప్రచురించండి, రికార్డుల నిర్వహణ పద్ధతి మార్చండి అని సంస్థను ఆదేశించే అధికారం సెక్షన్ 19(8)(ఎ) కింద కమిషన్‌కు ఉంది. చాలామంది దరఖాస్తుదారులు ఈ ఉపశమనం కోరనే కోరరు, కోరనిది కమిషన్ ఇవ్వదు. "ఇకపై ప్రతి సమావేశం పూర్తి రికార్డింగ్‌ను ఏడు రోజుల్లోగా ప్రచురించేలా ఆదేశించగలరు" అన్న వాక్యం అప్పీలులో తప్పక ఉండాలి.

వార్డు కమిటీ సంగతి ఇంత దూరం పోనక్కర్లేదు. రాజ్యాంగం 243ఎస్ అధికరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరంలో వార్డు కమిటీలు ఉండాలి. అసలు మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో ముందు కనుక్కోండి. కూర్చుంటూ ఉంటే, రికార్డింగ్ గురించి అక్కడే ఒక తీర్మానం పెట్టించండి. మీ కార్పొరేటర్ గారు ఒప్పుకుంటే ఒక ఫోను, ఒక స్టాండు, కాలర్‌కు పెట్టుకునే ఒక మైకు చాలు. ఒక వార్డులో ఏడాదిపాటు సాఫీగా నడిచిందని చూపించగలిగితే పై ఆఫీసులో "సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తున్నాం" అనే జవాబు చెల్లదు.

వీడియో మీ చేతికొచ్చాక రేపు దాన్ని కోర్టులో వాడాల్సి రావచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలు మారిందో లేదో పట్టించే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. కాబట్టి పెన్‌డ్రైవ్ తీసుకున్న రోజే ఫైలు తెరవకముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కవరింగ్ లెటర్ మీద ఫైలు పేరు, సైజు, నిడివి రాయించి సంతకం, స్టాంపు తీసుకోండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ గ్రూపులో చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, కోర్టుకు మాత్రం అసలు ఫైలే తీసుకెళ్ళండి.